చెరువు గట్టు ట్యాబ్: రూట్ పని డైరీ

పరికరం, మొదటి కొలతలు

మొగల్తూరు పక్కన మా బావగారికి నాలుగు వెనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. రోజుకు నాలుగు మేతలు, మేత తరువాత చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) ఫొటో, ఉదయం సాయంత్రం నీటిలో డీఓ (కరిగిన ఆక్సిజన్), పీహెచ్, వారానికి రెండుసార్లు సెలినిటీ (ఉప్పదనం): ఇవన్నీ ఒకే లెక్కల షీటులో ఎక్కించడానికి ఏరియేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) షెడ్డులో ఒక చౌక ట్యాబ్ ఉంచారు. 8 అంగుళాల తెర, 2 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ, 1.3 గిగాహెర్ట్జ్ వేగం గల నాలుగు కోర్ల మీడియాటెక్ చిప్, ఆండ్రాయిడ్ 8.1, కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే అడుగు పొర) 3.18. చిప్ 64 బిట్లదే అయినా లోపల వేసినది 32 బిట్ల ఆండ్రాయిడ్. చౌక ట్యాబులలో ఇది మామూలే. ఇలాంటి ట్యాబ్‌ను రూట్ చేయదలచినవారు, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోదలచినవారు, దింపుకునే ప్రతి ఫైలూ 32 బిట్లదే అయి ఉండాలని ముందే గుర్తుంచుకోవాలి.

అసలు ఫిర్యాదు వేగం గురించి కాదు. షీటు తెరిచి, చెక్ ట్రే ఫొటో తీయడానికి కెమెరాలోకి వెళ్లి తిరిగి వస్తే, షీటు మూసుకుపోయి మళ్లీ మొదటి నుంచి తెరుచుకునేది. చేతికి మేత దుమ్ము అంటుకున్న కుర్రాడు అర నిమిషం ఎదురుచూసి, విసిగి, చివరకు నోటు పుస్తకంలోనే రాయడం మొదలుపెట్టాడు.

ఏదైనా మార్చే ముందు ఐదు కొలతలు తీసుకున్నాను. ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో మూడేసిసార్లు కొలిచి, నడిమి విలువను రాశాను.

1. మీట నొక్కినప్పటి నుంచి తెర స్పందించే వరకు: 124 సెకన్లు.
2. షీటు తెరుచుకోవడానికి: 31 సెకన్లు.
3. కెమెరా నుంచి తిరిగి వచ్చినప్పుడు షీటు మళ్లీ మొదటి నుంచి తెరుచుకున్నవి: 10కి 8.
4. 256 ఎంబీల ఫైలు రాసే వేగం: సెకనుకు 12 ఎంబీలు.
5. మధ్యాహ్నం ఒంటిగంటకు షెడ్డులో బ్యాటరీ వేడి: 41.2 డిగ్రీలు. ఏడీబీలో (ల్యాప్‌టాప్ నుంచి ట్యాబ్‌కు ఆదేశాలిచ్చే పనిముట్టు) ఈ విలువ 412 అని కనిపిస్తుంది. డిగ్రీలో పదో వంతులుగా చూపుతుంది కనుక చుక్క మనమే పెట్టుకోవాలి.

ఆ రోజే పవర్ మీట దగ్గర వెనుక మూత దాదాపు ఒక మిల్లీమీటరు లేచి ఉండటం చూశాను. మూత సరిగా నొక్కుకోలేదనుకుని వేలితో నొక్కి వదిలేశాను. ఈ మొత్తం పనిలో నేను చేసిన మొదటి తప్పు అదే. దాని సంగతి 5వ దశలో వస్తుంది.

దశ 1: రూట్ లేకుండా అయ్యేంత (1 నుంచి 3వ రోజు)

16 జీబీలలో ఖాళీ 700 ఎంబీలే మిగిలి ఉంది. వాట్సాప్‌లో వచ్చిపడిన వీడియోలను తీసివేసి, ఫొటోలతో సహా డేటానంతటినీ సెట్టింగ్స్ ద్వారా మెమరీ కార్డుకు తరలించాను. ఖాళీ 5.1 జీబీలకు పెరిగింది, రాసే వేగం 12 నుంచి 19 ఎంబీలకు చేరింది. నిండిపోయిన నిల్వలో కొత్తగా రాయడానికి ఖాళీ బ్లాకులు దొరకవు; ఉన్నవాటిని సర్దుకుని, చెరిపి, ఆపైన రాయాలి. ట్యాబ్ నెమ్మదించిందని వచ్చినవారిలో సగం మందికి ఈ ఒక్క పని చాలుతుందని నా అంచనా.

తరువాత బిల్డ్ నంబరుపై ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ నుంచి ఏడీబీ ద్వారా 23 యాప్‌లను ప్రస్తుత యూజరుకు మాత్రమే తొలగించాను. ఇలా తీసినవి సిస్టమ్ పార్టిషన్‌లో (నిల్వలో ఆండ్రాయిడ్ ఉండే భాగం) అలాగే ఉంటాయి, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తిరిగి వస్తాయి. పొరపాటుకు ఇదే కాస్త ధీమా.

ఆ ధీమా మొదటి రోజే అక్కరకు వచ్చింది. ట్యాబ్‌తో వచ్చిన కీబోర్డు బరువుగా ఉందని ఇండిక్ కీబోర్డు వేసి, పాతది తీసేసి, రీస్టార్ట్ చేశాను. కొత్తదాన్ని సెట్టింగ్స్‌లో ఆన్ చేయడం మరిచిపోయాను. తాళం తెరిచే అంకెల పలక లాక్ స్క్రీన్‌లో భాగం కనుక పిన్ నొక్కి లోపలికి వెళ్లగలిగాను గాని, ఎక్కడ నొక్కినా ఒక్క అక్షరం రాసే దారి లేదు. పాత కీబోర్డును ఏడీబీతో తిరిగి తెచ్చుకుని, కొత్తది ఆన్ చేసి, తెలుగులో రెండు మాటలు రాసి చూసుకున్నాక మళ్లీ తొలగించాను.

యానిమేషన్ స్కేళ్లు మూడింటినీ సగానికి తగ్గించాను. దీనివల్ల కొలతలు మారవు, కంటికి మాత్రం చురుగ్గా అనిపిస్తుంది.

ఇప్పటివరకు: 5 గంటలు, ఖర్చు 0. ఆన్ కావడం 96 సెకన్లు, షీటు 21 సెకన్లు, మళ్లీ తెరుచుకోవడం 10కి 6.

దశ 2: బూట్‌లోడర్ తాళం, మెమరీ కార్డు నష్టం (5వ రోజు)

మూడో కొలత దాదాపుగా కదల్లేదు కనుక, మెమరీ నిర్వహణ విలువలు మార్చడానికి రూట్ తప్పదని నిర్ణయించుకున్నాను. దానికి ముందు బూట్‌లోడర్ (ట్యాబ్‌ను ఆన్ చేసే మొదటి ప్రోగ్రామ్) తాళం తీయాలి. వారంటీ ఎప్పుడో ముగిసింది. ట్యాబ్‌లో చెల్లింపుల యాప్ ఒకటి ఉంది. రూట్ చేసిన పరికరంలో అటువంటివి చాలావరకు తెరుచుకోవు కాబట్టి, దాన్ని ముందే బావగారి ఫోన్‌కు మార్పించాను.

మొదటి రెండు గంటలు కేబుల్ మింగేసింది. ల్యాప్‌టాప్ ట్యాబ్‌ను ఒకసారి గుర్తించేది, ఫాస్ట్‌బూట్‌లోకి (బూట్‌లోడర్ ఆదేశాలు తీసుకునే స్థితి) వెళ్లగానే వదిలేసేది. డ్రైవర్లు మూడుసార్లు తీసి వేశాను. చివరకు టార్చితో చూస్తే ట్యాబ్ పోర్టు లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పు గాలిలో ఉన్న వస్తువుకు అదేమీ వింత కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్షుతో తుడిచి, నరసాపురంలో 120 రూపాయలకు డేటా కేబుల్ కొన్నాక కనెక్షన్ నిలిచింది.

వరుస ఇది:

1. డెవలపర్ ఆప్షన్లలో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయాలి.
2. ఏడీబీతో బూట్‌లోడర్‌లోకి రీస్టార్ట్ చేయాలి.
3. ఫాస్ట్‌బూట్‌లో అన్‌లాక్ ఆదేశం ఇచ్చి, ట్యాబ్‌పై వాల్యూమ్ పెంచే మీటతో ఒప్పుకోవాలి.
4. ట్యాబ్ తన డేటా మొత్తాన్ని తుడిచేసుకుంటుంది. దీనికి మినహాయింపు లేదు.

నాలుగోది నాకు తెలుసు. తెలియనిది, తెలిసి కూడా ఆ క్షణంలో తట్టనిది మరొకటి ఉంది. రెండేళ్ల క్రితం ఎవరో ఆ మెమరీ కార్డును 'అంతర్గత నిల్వ'గా ఫార్మాట్ చేశారు. అలా చేసిన కార్డును ఆండ్రాయిడ్ ఎన్‌క్రిప్ట్ చేసి, తాళంచెవిని ట్యాబ్ లోపలే దాచుకుంటుంది. ట్యాబ్ తుడుచుకుపోతే తాళంచెవీ పోతుంది. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టినా, మరో ఫోన్‌లో పెట్టినా ఫార్మాట్ చేయమనే అడుగుతుంది. 1వ దశలో నేనే స్వయంగా అందులోకి తరలించిన 26 రోజుల చెక్ ట్రే ఫొటోలు అలా పోయాయి. షీటును నా ఫోన్‌కు పంపుకున్నాను, కుర్రాడి నోటు పుస్తకం ఉంది; అంకెలు దక్కాయి. బావగారు ఒక్కటే అన్నారు: "పుస్తకంలో రాసుంది గనక సరిపోయింది గానీ బావా, లేపోతే మేత ఎంత తిన్నాయో రొయ్యల్నే అడగాల్సొచ్చేది."

కాబట్టి తాళం తీసే ముందు సెట్టింగ్స్‌లో నిల్వ పేజీ తెరిచి, కార్డు అంతర్గతమా, పోర్టబులా అన్నది చూడాలి. అంతర్గతమైతే అందులోని ప్రతి ఫైలునూ కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు దింపుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి. ఆ కార్డు పాతబడిందని 540 రూపాయలతో కొత్తది కొని, ఈసారి పోర్టబుల్‌గానే ఉంచాను.

తాళం తీసిన మరుక్షణం నుంచి, ఆన్ చేసిన ప్రతిసారీ ఆరెంజ్ స్టేట్ అనే హెచ్చరిక ఐదు సెకన్లు నిలుస్తుంది. రీసెట్‌తో తిరిగి వచ్చిన 23 యాప్‌లను మళ్లీ తొలగించడానికి, ఈసారి ఆదేశాలన్నీ ఒక ఫైలులో రాసి ఉంచుకున్నాను కనుక, మూడు నిమిషాలు పట్టింది.

ఇప్పటివరకు: 11 గంటలు, 660 రూపాయలు. ఆన్ కావడం 101 సెకన్లు. మిగిలినవి మారలేదు.

దశ 3: తప్పు బూట్ ఇమేజ్, చచ్చిన టచ్ (6 నుంచి 9వ రోజు)

ట్యాబ్ వెనుక ఉన్న మోడల్ నంబరుతోనే నెట్‌లో ఒక ఫర్మ్‌వేర్ (ట్యాబ్ సాఫ్ట్‌వేర్ మూట) దొరికింది. బిల్డ్ నంబరులో చివరి రెండు అంకెలు తేడాగా ఉన్నా, అదే మోడల్ కదా అనుకున్నాను. అందులోని బూట్ ఇమేజ్‌ను (ఆన్ అయ్యేటప్పుడు ముందుగా లోడయ్యే ఫైలు) ట్యాబ్‌లో రూట్ ఇచ్చే మ్యాజిస్క్ యాప్‌తో ప్యాచ్ చేసి (సవరించి), ఫాస్ట్‌బూట్‌తో ఫ్లాష్ చేశాను (ట్యాబ్‌లోకి ఎక్కించాను). ట్యాబ్ ఆన్ అయింది, గడియారం కనిపించింది, తెర వెలిగింది. వేలితో ఎంత తోసినా కదలలేదు. వైఫై కూడా ఆన్ కాలేదు.

కారణం అర్థమయ్యేసరికి రాత్రయింది. టచ్ ప్యానెల్‌ను నడిపే డ్రైవరు కెర్నెల్‌లో ఉంటుంది, కెర్నెల్ బూట్ ఇమేజ్‌లో ఉంటుంది. చౌక ట్యాబుల తయారీలో మోడల్ నంబరు మార్చకుండానే విడతకొక టచ్ ప్యానెల్ వాడుతుంటారు. నేను వేసిన కెర్నెల్ వేరే విడతది. వైఫై మాడ్యూల్స్ కూడా తమ కెర్నెల్ కానిదానిలో లోడ్ కాలేదు. అసలు బూట్ ఇమేజ్‌ను ముందుగా ట్యాబ్ నుంచి చదివి దాచుకోవలసింది, అది చేయలేదు. పాతది చెరిగిపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం తట్టిన సంగతి ఏమిటంటే, రికవరీ పార్టిషన్‌ను (మరమ్మతు, రీసెట్‌ల కోసం ఉంచిన నిల్వ భాగం) నేను ముట్టుకోలేదు, దానిలో దాని సొంత కెర్నెల్ ఉంటుంది, అది ఫ్యాక్టరీలో ఈ ట్యాబ్‌కు వేసినదే. దాన్ని బయటకు తీయడానికి రూట్ కావాలి. ప్యాచ్ చేసిన ఇమేజ్‌తో రూట్ ఉంది, అయితే రూట్ అనుమతి అడిగే పెట్టెలో 'అనుమతించు' నొక్కడానికి టచ్ లేదు. ఓటీజీ మౌస్ (ట్యాబ్ పోర్టుకే తగిలించేది) పెడదామంటే, ట్యాబ్‌కు ఉన్న ఒకే ఒక్క పోర్టులో కేబుల్ ఉంది.

దారి ఏడీబీలోనే దొరికింది. ఫలానా చోట నొక్కినట్టు ట్యాబ్‌ను నమ్మించే 'ఇన్‌పుట్ ట్యాప్' ఆదేశానికి రూట్ అక్కరలేదు. ల్యాప్‌టాప్‌ను 'ఎల్లప్పుడూ అనుమతించు' అని అంతకుముందే ఒప్పుకుని ఉండటం కలిసి వచ్చింది. రెండు కమాండ్ విండోలు తెరిచాను. ఒకదానిలో రూట్ అడిగాను, రెండవదానిలో స్క్రీన్‌షాట్ తీసి బటన్ ఎక్కడ ఉందో చూసి, అడ్డం నిలువు పిక్సెళ్ల అంకెలతో నొక్కాను. పెట్టె పది సెకన్లే నిలుస్తుంది. మొదటిసారి స్క్రీన్‌షాట్ ల్యాప్‌టాప్‌కు వచ్చేసరికి సమయం అయిపోయింది. రెండవసారి అంకె తప్పి 'తిరస్కరించు' మీద పడింది; ఆ నిర్ణయాన్ని మ్యాజిస్క్ గుర్తుపెట్టుకుంది కనుక, దాన్ని మార్చడానికి ఇదే పద్ధతిలో యాప్ తెరిచి, పేజీ మార్చి, స్విచ్ నొక్కవలసి వచ్చింది. ఒక్క వేలితో అరసెకనులో అయ్యే పనికి 40 నిమిషాలు.

ఆ తరువాతి వరుస:

1. రికవరీ పార్టిషన్‌ను ఫైలుగా తీసి ల్యాప్‌టాప్‌కు దింపాను. పరిమాణం 16 ఎంబీలు.
2. దాన్ని, దింపుకున్న బూట్ ఇమేజ్‌ను మ్యాజిస్క్‌బూట్ పనిముట్టుతో విప్పాను.
3. కెర్నెళ్లు తయారైన తేదీలు పోల్చాను. రెండింటికీ నాలుగు నెలల తేడా ఉంది, అనుమానం తీరింది.
4. బూట్ ఇమేజ్‌లో రికవరీ కెర్నెల్‌ను పెట్టి, మళ్లీ కట్టి, ఫ్లాష్ చేశాను. ట్యాబ్ లోగో దగ్గర ఆగిపోయింది.
5. విప్పినప్పుడు కెర్నెల్ పక్కన 'కెర్నెల్ డీటీబీ' అనే చిన్న ఫైలు విడిగా వస్తుంది. ఏ భాగం ఏ చిరునామాలో ఉందో కెర్నెల్‌కు చెప్పే పట్టిక అది. దాన్ని మార్చడం మరిచాను. రెండూ రికవరీవే పెట్టి మళ్లీ కట్టాను.
6. మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసిన ఈ ఇమేజ్‌ను ఫ్లాష్ చేయగానే టచ్ వచ్చింది, వైఫై వచ్చింది.

ఇలా తయారైన ఇమేజ్‌ను, రికవరీ ప్రతిని మూడు చోట్ల దాచాను.

ఇప్పటివరకు: 24 గంటలు, 660 రూపాయలు. షీటు 21 సెకన్లు, 10కి 6. అంటే 13 గంటల పనికి కొలతల్లో ఒక్క సెకను లాభం లేదు.

దశ 4: మెమరీ విలువలు (10 నుంచి 15వ రోజు)

ఖాళీ మెమరీ తగ్గినప్పుడు ఏ యాప్‌ను ఎప్పుడు చంపాలో ఈ కెర్నెల్‌లోని లో మెమరీ కిల్లర్ ఆరు అంకెల పట్టికను బట్టి నిర్ణయిస్తుంది. అంకెలు 4 కేబీల పేజీలలో ఉంటాయి. ఈ ట్యాబ్‌లో నాలుగో అంకె 32256, అంటే 126 ఎంబీలు. కెమెరా తెరిచినప్పుడు షీటు 'ఇంతకుముందు వాడిన యాప్' అవుతుంది. ఖాళీ 126 ఎంబీలకు దిగితే ఆ తరగతి యాప్‌లు చంపబడతాయి. కెమెరా తెరిచిన ప్రతిసారీ ఖాళీ మెమరీ 90 నుంచి 130 మధ్య ఆడుతోంది. పదికి ఆరుసార్లు షీటు ఎందుకు పోతోందో ఇక్కడ తేలింది.

మొదట దాన్ని 10240కి, అంటే 40 ఎంబీలకు దింపాను. ట్యాబ్ రెండుసార్లు పూర్తిగా బిగుసుకుపోయింది. ఎవరినీ చంపక, ఎవరికీ చోటు లేక నిమిషానికి పైగా నిలిచిపోయింది. 20480, అంటే 80 ఎంబీలు సరిపోయింది. అంకెలు ఎక్కే వరుసలో ఉండాలి కనుక, దాని ముందున్న మూడింటినీ తగ్గించాను. ఫలితం 10కి 2.

రీస్టార్ట్ చేస్తే మళ్లీ 10కి 6. దీనికి రెండు కారణాలు, ఒకదాని వెనుక ఒకటి బయటపడ్డాయి. ఆన్ అయినప్పుడల్లా ఈ అంకెలు రాయడానికి మ్యాజిస్క్ సర్వీస్ ఫోల్డరులో పెట్టిన స్క్రిప్టుకు నడిచే అనుమతి ఇవ్వలేదు. అది ఇచ్చాక స్క్రిప్టు నడిచింది గాని, ఆన్ అయ్యే క్రమంలో ఆండ్రాయిడ్ తన అంకెలను తానే మళ్లీ రాసుకుంటోంది. బూట్ పూర్తయిందన్న గుర్తు వచ్చాక మరో 60 సెకన్లు ఆగి రాసేలా మార్చాను.

తరువాత జడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా (వెంటనే అక్కరలేని డేటాను నెట్టే చోటు) వాడే ఏర్పాటు ఇది. ట్యాబ్‌లో 640 ఎంబీలుగా వచ్చింది.

1. 1536 ఎంబీలు: 10కి 0, కాని షీటు తెరవడానికి 34 సెకన్లు. మెమరీని కుదించి విప్పే కెర్నెల్ పనే ఒక కోరును సగానికి పైగా తినేసింది.
2. 1024 ఎంబీలు: 10కి 1, షీటు 17 సెకన్లు.
3. 1024 ఎంబీలే ఉంచి, స్వాపీనెస్ (స్వాప్‌లోకి ఎంత తొందరగా నెట్టాలో చెప్పే అంకె) 60 నుంచి 100కు: 10కి 1, షీటు 14 సెకన్లు. ఇది ఉంచాను.

కుదించడానికి ఎల్‌జడ్4 పద్ధతి మేలని చాలామంది అంటారు. ఈ కెర్నెల్‌లో ఎల్‌జడ్ఓ ఒక్కటే ఉంది. కెర్నెల్‌లో లేనిదాన్ని రూట్ తెచ్చిపెట్టదు. నడుస్తున్న ట్యాబ్‌లో స్వాప్‌ను ఆపబోయి మరోసారి బిగించుకున్నాను: కుదించిన సరుకంతా తిరిగి ర్యామ్‌లోకి రావాలి, అక్కడ చోటు ఉండదు. ఈ మార్పు ఆన్ అయిన వెంటనే, సరుకు పేరుకోకముందే జరగాలి.

లాభం లేనివి క్లుప్తంగా. గవర్నరును (చిప్ వేగాన్ని నిర్ణయించే అమరిక) పెర్ఫార్మెన్స్‌కు మారిస్తే ఇంట్లో షీటు 12 సెకన్లలో తెరుచుకుంది. షెడ్డులో మధ్యాహ్నం బ్యాటరీ 46 డిగ్రీలకు చేరి, చిప్ రెండు కోర్లను ఆపేసి, 25 సెకన్లు పట్టింది. పాతదే ఉంచాను. ఎఫ్‌స్ట్రిమ్ (ఖాళీ అయిన బ్లాకులను నిల్వకు తెలిపే ఆదేశం) నడిపితే రాసే వేగం 19 నుంచి 20కి వచ్చింది, అంతే. ఆండ్రాయిడ్ ఆ పనిని అప్పుడప్పుడు తానే చేసుకుంటుంది. వీడియోలలో చూపే బిల్డ్ ప్రాప్ (సిస్టమ్ అమరికల ఫైలు) వరుసలు పదకొండు వేసి, తీసి, కొలిచాను, తేడా సున్నా. వాటిలో చాలా పేర్లను ఈ వర్షన్‌లో ఏ ప్రోగ్రామూ చదవనే చదవదు.

షీటు 31 నుంచి 14కు తగ్గింది. ఆ 17 సెకన్లలో 10 రూట్‌కు ముందే వచ్చాయి. రూట్ నిజంగా తెచ్చినది మూడో కొలత, 6 నుంచి 1కి.

ఇప్పటివరకు: 33 గంటలు, 660 రూపాయలు.

దశ 5: బ్యాటరీ, ఛార్జరు, దయ్యం టచ్ (16 నుంచి 21వ రోజు)

16వ రోజు వెనుక మూత మూడు మిల్లీమీటర్లు లేచింది. తెరిస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. మొదటి రోజు చూసిన సందు అదే. రెండేళ్లుగా షెడ్డులో 24 గంటలూ ఛార్జరుకు తగిలించి ఉంచడం, పైన రేకుల వేడి కలిసి దాన్ని అలా చేశాయి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, వంచకూడదు, మూత వేసి నొక్కకూడదు. నేను నొక్కాను, ఏమీ కాకపోవడం కేవలం అదృష్టం.

పాత బ్యాటరీ మీద 357090 అని ఉంది. మందం 3.5, వెడల్పు 70, పొడవు 90 మిల్లీమీటర్లు అని దాని అర్థం. భీమవరంలో అదే కొలతది 950 రూపాయలకు దొరికింది. పాతదాన్ని చెత్తలో వేయకుండా ఆ దుకాణంలోనే అప్పగించాను.

కొత్తదానికి అదే గతి పట్టకుండా, ఏసీసీ అనే మ్యాజిస్క్ మాడ్యూల్‌తో 75 శాతం వద్ద ఛార్జింగ్ ఆగి, 65 వద్ద మొదలయ్యేలా పెట్టాను. ఛార్జింగ్‌ను ఆపే మీట ఒక్కో ట్యాబ్‌లో ఒక్కో ఫైలుగా ఉంటుంది. ఇందులో మొదటి రెండూ పని చేయలేదు, మూడోది చేసింది. రాత్రంతా ఉంచి తెల్లవారి 75 చూశాకే నమ్మాను.

ఇక దయ్యం టచ్. ఏరియేటర్లు మొదలైన క్షణంలో, ఛార్జింగ్‌లో ఉన్న ట్యాబ్‌లో వాటంతటవే యాప్‌లు తెరుచుకునేవి, షీటులో గడులు మారిపోయేవి. దీన్ని నేను ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ లోపమనుకున్నాను. కేబుల్ తీస్తే వెంటనే ఆగింది. నాసిరకం ఛార్జరు నుంచి వచ్చే విద్యుత్ అలజడిని టచ్ ప్యానెల్ వేలిగా పొరబడుతుంది. 430 రూపాయలు పెట్టి 5 వోల్టుల 2 ఆంపియర్ల మంచి ఛార్జరు కొన్నాక, కరెంటు మీద పది ఆరంభాలలో ఒక్కసారి కూడా రాలేదు. జనరేటర్ మీద పదికి మూడుసార్లు వచ్చింది. దానికి మందు దొరకలేదు; జనరేటర్ నడిచేటప్పుడు కేబుల్ తీసేయమని కుర్రాడితో చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. మూడు రోజులుగా తీస్తూనే ఉన్నాడు.

ఇప్పటివరకు: 39 గంటలు, 2040 రూపాయలు. ఆన్ కావడం 93 సెకన్లు, అందులో ఐదు ఆరెంజ్ హెచ్చరికవి. షీటు 14 సెకన్లు. 10కి 1. రాసే వేగం 20 ఎంబీలు. షెడ్డులో మధ్యాహ్నం బ్యాటరీ వేడి 37.8 డిగ్రీలు.

22వ రోజు

పక్క చెరువు వారు తమ ట్యాబ్ తెచ్చి, "మీదానికి చేసినట్టే మాదానికీ చేసెయ్యండి" అన్నారు. అదే మోడల్, వెనుక అదే చీటీ. కెర్నెల్ తేదీ చూస్తే మాదానికంటే రెండు నెలలు వెనుకది. మా బూట్ ఇమేజ్ దానికి వేయలేదు. యాప్‌ల తొలగింపు ఫైలు నడిపి, నిల్వ ఖాళీ చేసి ఇచ్చాను. వారి షీటు 28 నుంచి 19 సెకన్లకు వచ్చింది, మెమరీ కార్డు అంతర్గతంగానే ఉంది. అందులోని ఫొటోలు ల్యాప్‌టాప్‌కు దిగే వరకు తాళం జోలికి వెళ్లనని చెప్పాను. 3.4 జీబీలు, ఇంకా దిగుతున్నాయి.